మందు లేని సూది

మన ఊళ్ళలో "సూది వేయించుకున్నావా?" అంటే ఇంజెక్షన్ తీసుకున్నావా అని అర్థం. సూదిమందు అన్న మాటలో అసలు సరుకు మందు. సూది దాన్ని ఒంట్లోకి చేర్చే గొట్టం మాత్రమే. ఆర్.ఎం.పి. డాక్టరు సూది వెయ్యకుండా మాత్రలిచ్చి పంపేస్తే, ఆ వైద్యం మీద నమ్మకం కుదరని పెద్దవాళ్ళు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. అటువంటి వాళ్ళతో, గొట్టం లేని సూదులు, మందన్నదే లేని సూదులు, పావు మిల్లీమీటరు లావున్న సూదులు పదో పన్నెండో గుచ్చి, అరగంట కదలకుండా పడుకోబెట్టి, మళ్ళీ తీసేసి డబ్బులు పుచ్చుకుంటారని చెబితే ఏమంటారు? "ఇదేం వైద్యం?" అంటారు. 1971కి ముందు అమెరికాలో నూటికి తొంభైమంది అన్నదీ, అనబోయేదీ అదే.

ఇప్పుడు సంగతి వేరు. 2020 జనవరి నుంచి వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే మెడికేర్ కూడా దీర్ఘకాలపు నడుంనొప్పికి ఈ సూదుల ఖర్చు భరిస్తోంది. మన ఇండియన్ గ్రోసరీ ఉండే స్ట్రిప్ మాల్‌లోనే ఒక పక్క కనుబొమ్మలు తీర్చే పార్లరు, ఇంకో పక్క ఆక్యుపంక్చర్ క్లినిక్కు కనిపిస్తాయి. కరివేపాకు కొనడానికి వెళ్ళిన వాళ్ళం ఆ బోర్డు చదివి, "ఇది నిజంగా పనిచేస్తుందంటారా?" అనుకుంటూ కారెక్కుతాం. కంప్యూటర్ల ముందు ఇరవయ్యేళ్ళు కూర్చున్న మా బోటి వాళ్ళకి మెడనొప్పి, నడుంనొప్పి ఉద్యోగంతో పాటు వచ్చిన అరణం. అంచేత ఆ ప్రశ్న ఒట్టి కుతూహలం కొద్దీ వేసుకునేది కాదు.

నేను వైద్యుణ్ణి కాను. ప్రోగ్రాములు రాసి పొట్టపోసుకునేవాణ్ణి. నన్ను ఆకర్షించింది ఈ వైద్యం కన్నా అది ఇక్కడికి వచ్చిన దారి. ఒక వలస జాతి తనతో తెచ్చుకున్న విద్య, వందేళ్ళు ఎవరికీ పట్టకుండా పడి ఉండి, ఒక్కసారిగా చట్టసభల్లోకీ కోర్టుల్లోకీ ఆసుపత్రుల్లోకీ ఎలా నడిచి వచ్చింది? మనం కూడా వలస వచ్చినవాళ్ళమే కనక ఆ కథలో మనకి పనికొచ్చేది ఏమైనా ఉందా?

కంచు మనిషి, మాచిపత్రి

చైనా వైద్యానికి మూలగ్రంథం 'హువాంగ్‌ది నెయ్‌జింగ్'. పసుపు చక్రవర్తి పేరు మీద ఉన్న ఈ సంకలనం క్రీస్తుకు పూర్వం ఒకటి రెండు శతాబ్దాల్లో కుదురుకుందని పండితుల అంచనా. అంతకు కొంచెం ముందుది, క్రీ.పూ. 168లో మూసిన సమాధి ఒకటి మావాంగ్‌దుయ్ అనే చోట ఉంది. 1973లో అందులో పట్టుగుడ్డ మీద రాసిన వైద్యగ్రంథాలు దొరికాయి. వాటిలో శరీరంలోని ప్రవాహ మార్గాల గురించి ఉంది, వాత పెట్టడం గురించి ఉంది, సూదుల మాట మాత్రం లేదు. క్రీ.పూ. 113లో పోయిన లియు షెంగ్ అనే రాజకుమారుడి సమాధిలో బంగారు, వెండి సూదులు దొరికాయి. అయిదువేల ఏళ్ళ వైద్యం అని క్లినిక్కుల గోడల మీద రాసుకుంటారు గాని, ఇప్పుడు మనం చూసే పద్ధతికి గట్టిగా ఆధారం చూపగలిగే వయసు రెండువేల ఏళ్ళ పైచిలుకు. అదేమీ తక్కువ కాదు.

సిద్ధాంతం మనకి మరీ కొత్తగా అనిపించదు. ఒంట్లో 'చీ' అనే ప్రాణశక్తి పన్నెండు ముఖ్యమైన మార్గాల్లో తిరుగుతుంది; అది ఎక్కడైనా అడ్డుపడితే నొప్పి, జబ్బు. మార్గాల మీద నిర్ణీత స్థానాల్లో సూది గుచ్చితే ప్రవాహం సర్దుకుంటుంది. ప్రాణవాయువు, నాడులు, వాతపిత్తకఫాలు అన్న మాటలు వింటూ పెరిగిన వాళ్ళకి ఇది పొరుగింటి భాషలా వినిపిస్తుంది. ఆ చుట్టరికం చూసుకుని మనలో కొందరు "ఇది మనదే, బౌద్ధ భిక్షువులు పట్టుకెళ్ళారు, చెవులు కుట్టించడం అంటే ఆక్యుపంక్చరే" అని తేల్చేస్తారు. సుశ్రుతుడు చెవులు కుట్టడం గురించీ, సిర కోసి రక్తం తియ్యడం గురించీ వివరంగా రాసిన మాట నిజం. ఒంటి నిండా స్థానాలు గుర్తించి, ఒక్కో జబ్బుకి ఒక్కో జట్టు సూదులు గుచ్చే శాస్త్రం మాత్రం ఆయన గ్రంథంలో లేదు. ఎవరి సొమ్ము వాళ్ళకి ఉంచితేనే మన సొమ్ముకీ విలువ.

అసలైన చుట్టరికం ఇంకోచోట ఉంది. చైనా భాషలో ఈ వైద్యం పేరు 'జెన్‌జ్యూ'. జెన్ అంటే సూది గుచ్చడం, జ్యూ అంటే కాల్చడం. ఎండబెట్టి నూరిన ఒక ఆకును ఉండలాగానో బత్తీలాగానో చేసి, వెలిగించి, ఆ స్థానాల మీద వేడి తగిలిస్తారు. జపాను మాట నుంచి ఐరోపా వాళ్ళు దీన్ని 'మాక్సా' అన్నారు. ఆ ఆకు ఏమిటయ్యా అంటే మన మాచిపత్రి జాతి. వినాయక చవితి నాడు ఇరవయ్యొక్క పత్రుల్లో అందరికన్నా ముందు దేవుడి పాదాల మీద పడే పత్రి! మన దగ్గర పూజకి వెళ్ళిన ఆకు అక్కడ వైద్యుడి చేతికి వెళ్ళింది. కామెర్లకీ, పక్షవాతానికీ వాత పెట్టించుకున్న తాతల కథలు విన్నవాళ్ళకి కాల్చడమూ కొత్త కాదు.

సోంగ్ రాజుల కాలంలో, సుమారు 1027లో, వాంగ్ వెయ్‌యీ అనే వైద్యుడు నిలువెత్తు కంచు బొమ్మలు రెండు పోతపోయించాడు. బొమ్మ ఒంటి నిండా సరైన స్థానాల్లో సన్నటి రంధ్రాలు. పరీక్ష రోజున వాటిని మైనంతో పూసి మూసి, లోపల నీళ్ళు నింపేవారు. విద్యార్థి గుచ్చిన సూది సరైన చోట దిగితే నీటిచుక్క బయటికొస్తుంది, లేకపోతే సూది వంగుతుంది. మార్కులు వేసే మాస్టారికి మొహమాటం అక్కర్లేని పరీక్ష ఇది. ప్రోగ్రాము నడిచిందా లేదా అని యంత్రమే చెప్పేసే మా వృత్తిలాంటిది.

ఇంత పకడ్బందీ విద్యకీ దాని ఇంట్లోనే గడ్డురోజులు వచ్చాయి. 1822లో చక్రవర్తి ఆజ్ఞతో రాజవైద్యశాలలో సూదుల శాఖను ఎత్తేశారు. 1929లో, పాశ్చాత్య వైద్యం చదువుకొచ్చిన వాళ్ళ మాట విని, చైనా ప్రభుత్వం దేశవాళీ వైద్యాన్నే రద్దు చేయబోయింది. వైద్యులంతా ఏకమై ఆపుకున్నారు. 1949 తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వానికి కోట్లమంది జనం, గుప్పెడు మంది డాక్టర్లు మిగిలారు. అప్పుడు మావో పాత వైద్యాన్ని నెత్తికెత్తుకున్నాడు. ఊరికో తీరుగా, గురువుకో తీరుగా ఉన్న పద్ధతులన్నిటినీ ఏరి, కూర్చి, పాఠ్యపుస్తకాలు రాయించి, కాలేజీలు పెట్టించాడు. మనమిప్పుడు 'సంప్రదాయ చైనా వైద్యం' అంటున్న దాని రూపం చాలావరకు 1950లలో దిద్దినదే. ఆ మావో తనకి జబ్బు చేస్తే చైనా వైద్యం జోలికి పోడని ఆయన సొంత డాక్టరు లీ జిసుయ్ 1994లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. నాయకుల నమ్మకాలకీ వాళ్ళ విధానాలకీ మధ్య ఉండే దూరం మనకేం తెలియంది కాదు.

జాన్ డే ఊరి డాక్టరు

అమెరికాకి ఈ సూది 1971లో మొదటిసారి వచ్చిందనుకుంటే పొరపాటు. ఆక్యుపంక్చర్ అన్న లాటిన్ పేరు పెట్టినవాడు డచ్ వైద్యుడు విల్లెమ్ టెన్ రైనె. జపానులో డచ్చి వాళ్ళ వర్తకస్థావరంలో రెండేళ్ళున్నాడు. ఆయన పుస్తకం 1683లో లండన్‌లో అచ్చయింది. 1826లో ఫిలడెల్ఫియా డాక్టరు ఫ్రాంక్లిన్ బాష్, అంటే బెంజమిన్ ఫ్రాంక్లిన్ మునిమనవడు, జైల్లోని ఖైదీల నొప్పుల మీద సూదులు ప్రయోగించి ఫలితాలు ప్రచురించాడు. 1892లో సర్ విలియం ఆస్లర్ రాసిన ప్రసిద్ధ వైద్య పాఠ్యగ్రంథం నడుం పట్టేసినప్పుడు సూదులు గుచ్చమని సలహా ఇచ్చింది. ఆడవాళ్ళు టోపీలకు పెట్టుకునే సూదులైనా సరే, శుభ్రం చేసి వాడొచ్చునన్నాడు. కానీ ఇవన్నీ చైనా వైద్యుడు లేని చైనా సూదులు. పుస్తకంలోంచి వచ్చి పుస్తకంలోకే పోయాయి.

వైద్యులు మాత్రం వేరే దారిన వచ్చారు. బంగారు గనులకీ, రైలుమార్గాలకీ కూలీలుగా వచ్చిన చైనావాళ్ళ వెంట మూలికల పెట్టెలూ వచ్చాయి. వాళ్ళలో ఇంగ్ హే ఒకడు. ఆరెగాన్ రాష్ట్రంలో జాన్ డే అనే గనుల ఊళ్ళో 1887 ప్రాంతంలో స్థిరపడి, లుంగ్ ఆన్ అనే మిత్రుడితో కలిసి 'కమ్ వా చుంగ్' అనే రాతి ఇంట్లో దుకాణం పెట్టాడు. లుంగ్ ఆన్‌కి ఇంగ్లీషు వచ్చు, వ్యాపారం వచ్చు. ఇంగ్ హేకి నాడి పట్టడం వచ్చు. ఆయన సూదుల వైద్యుడు కాదు. మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి జబ్బు చెప్పి, అయిదు వందలకు పైగా ఉన్న మూలికల్లోంచి కషాయం కట్టి ఇచ్చేవాడు. మన బసవరాజీయంలో నాడీపరీక్ష చదివిన వైద్యుడు చూసి ఉంటే వెంటనే ఓ కుర్చీ లాక్కుని కూర్చునేవాడు.

1882లో చైనా కూలీలు రాకూడదని అమెరికా చట్టం చేసింది. ఆ చట్టం 1943 దాకా పోలేదు. ఇంగ్ హే లాంటి వాళ్ళని పౌరులుగా చేర్చుకోలేదు, కుటుంబాలను తెచ్చుకోనివ్వలేదు. ఆ ఊరి తెల్లవాళ్ళు మాత్రం జబ్బు చేస్తే ఆ తలుపు తట్టారు. 'డాక్ హే' అని పిలుచుకున్నారు. ఆయన 1952లో పోయాడు. దుకాణం తాళం ఎన్నో ఏళ్ళు తియ్యలేదు. 1960ల చివర్లో తీసి చూస్తే మూలికల డబ్బాలు అరల మీద అలాగే ఉన్నాయి. ఆయన మంచం కింద మార్చుకోని చెక్కులు దొరికాయి. మొత్తం 23 వేల డాలర్లకు పైగా. కరువురోజుల్లో రోగులిచ్చిన చెక్కులవి. ఆ దుకాణం ఇప్పుడు మ్యూజియం. 2005లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. పౌరసత్వం దక్కని మనిషి మందులపెట్టె జాతీయ సంపద అయింది.

ఒక అపెండిక్స్ చేసిన పని

1971 జూలైలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక పెద్ద తలకాయల్లో ఒకడైన జేమ్స్ రెస్టన్ భార్యతో కలిసి చైనా వెళ్ళాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 9 నుంచి 11 దాకా, హెన్రీ కిసింజర్ రహస్యంగా పెకింగ్ వచ్చి వెళ్ళాడు. చైనాలోనే ఉండి ఆ వార్త పట్టుకోలేకపోయాడు రెస్టన్. ఆ సంగతి తెలిసిన క్షణంలోనే పొత్తికడుపులో మొదటి పోటు వచ్చిందని ఆయన తన మీద తనే హాస్యమాడుకున్నాడు. అది అపెండిక్స్. చౌ ఎన్ లై పురమాయించిన నిపుణులు 17వ తేదీన ఆపరేషను చేశారు. ఆసుపత్రి పేరు అప్పట్లో 'సామ్రాజ్యవాద వ్యతిరేక ఆసుపత్రి'. దాన్ని కట్టించింది మాత్రం రాక్‌ఫెల్లర్ డబ్బు!

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పుకోవాలి. రెస్టన్‌కి సూదులు గుచ్చి, మత్తుమందు లేకుండా ఆపరేషను చేశారని ఈనాటికీ చాలాచోట్ల రాస్తారు, పార్టీల్లో చెబుతారు. అది నిజం కాదు. మామూలు మత్తు ఇంజెక్షను ఇచ్చే కోశారు. మర్నాటి రాత్రి కడుపు ఉబ్బరంతో బాధపడుతుంటే లీ చాంగ్‌యువాన్ అనే వైద్యుడు కుడి మోచేతి దగ్గరా, మోకాళ్ళ కిందా మూడు సూదులు పెట్టి తిప్పాడు. మన మాచిపత్రి జాతి బత్తీలు వెలిగించి కడుపు దగ్గర పట్టుకున్నాడు. ఇరవై నిమిషాల పని. గంటలో ఉబ్బరం తగ్గింది, మళ్ళీ రాలేదు. జూలై 26న ఇది టైమ్స్ మొదటి పేజీలో వచ్చింది. అదే రోజు అపోలో 15 చంద్రుడి మీదకి బయల్దేరింది.

ఒక విలేఖరి కడుపు ఉబ్బరం ఇంత పని చేస్తుందని ఎవరనుకుంటారు? 1972 ఫిబ్రవరిలో నిక్సన్ చైనా వెళ్ళాడు. ఆయన సొంత డాక్టరు వాల్టర్ టకాచ్ సూదులతో జరుగుతున్న ఆపరేషన్లు చూసి, తన కళ్ళతో చూశానని రీడర్స్ డైజెస్ట్‌లో రాశాడు. మెలకువగా ఉండి, ఛాతీ కోస్తుంటే నారింజ తొనలు తినే రోగుల ఫొటోలు పత్రికలకెక్కాయి. తర్వాత తేలిందేమిటంటే, అటువంటి రోగుల్ని ముందే జాగ్రత్తగా ఎంచుకునేవారు, సూదులకి తోడు కొద్దిపాటి మందులూ ఇచ్చేవారు. ప్రదర్శన కోసం పెంచి చూపించిన ఈ భాగమే తర్వాత రోజుల్లో ఈ వైద్యానికి ఎక్కువ చెడ్డపేరు తెచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలని తెలియనివాళ్ళు మన దేశంలోనూ లేకపోలేదు.

కోర్టు నిండిన రోగులు

జనానికి ఆసక్తి పుట్టింది, చట్టం మాత్రం ఒప్పుకోలేదు. 1972లో న్యూయార్క్‌లో తెరిచిన ఆక్యుపంక్చర్ కేంద్రాన్ని అధికారులు కొద్దిరోజుల్లోనే మూయించారు. లైసెన్సు లేకుండా వైద్యం చెయ్యడం నేరం, లైసెన్సేమో ఎం.డి.లకే ఇస్తారు; ఎం.డి.లకేమో సూదులు రావు. ప్రోగ్రామింగులో దీన్ని డెడ్‌లాక్ అంటాం. ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఏదీ కదలదు.

ముందు కదిలింది నెవాడా. 1973లో ఆర్థర్ స్టైన్‌బర్గ్ అనే లాయరు, హాంగ్‌కాంగ్ నుంచి లోక్ యీకుంగ్ అనే వైద్యుణ్ణి పిలిపించి, కార్సన్ సిటీలో చట్టసభ ఎదుటి హోటల్లో ఉచిత వైద్యం పెట్టించాడు. శాసనసభ్యులే రోడ్డు దాటి వచ్చి నడుములు, మోకాళ్ళు చూపించుకున్నారు. చైనా వైద్యాన్ని స్వతంత్ర వృత్తిగా గుర్తించిన మొదటి రాష్ట్రం నెవాడా అయింది. జూదానికి ముందే లైసెన్సు ఇచ్చిన రాష్ట్రం కనక ధైర్యానికి లోటు లేదు.

నాకు బాగా నచ్చిన కథ కాలిఫోర్నియాది. మిరియమ్ లీ చైనాలో పుట్టి, సింగపూర్‌లో ఉండి, ఈ దేశం వచ్చింది. నర్సు, సూదుల వైద్యం తెలిసిన మనిషి. ఇక్కడ ఆ విద్యకి విలువ లేదు కనక హ్యూలెట్ ప్యాకార్డ్ అసెంబ్లీ లైను మీద పనిచేసింది. సిలికాన్ వ్యాలీ చరిత్రలో మనం ఇంజనీర్ల పేర్లే చదువుకుంటాం. లైను మీద కూర్చున్న చేతుల్లో ఇలాంటి విద్యలు ఎన్ని ఉన్నాయో ఎవరు లెక్కపెట్టారు? తర్వాత పాలో ఆల్టోలో ఒక డాక్టరు తన క్లినిక్కులో ఆమెకి చోటిచ్చాడు. రోగులు విపరీతంగా వచ్చేవారు. ఒక్కొక్కరికీ విడిగా ఆలోచించే వ్యవధి లేక, చాలా జబ్బులకి పనికొచ్చే అయిదు స్థానాలు ఎంచుకుని, రెండు వైపులా కలిపి పది సూదులతో సరిపెట్టే పద్ధతి కుదుర్చుకుంది. ఆ 'పది సూదులు' ఇప్పటికీ ఆమె పేరు మీదే చెలామణిలో ఉన్నాయి.

1974లో లైసెన్సు లేని వైద్యం చేస్తోందని ఆమెని అరెస్టు చేశారు. విచారణ రోజున కోర్టు హాలు ఆమె రోగులతో నిండిపోయింది. మా వైద్యం మాకు కావాలన్నారు. గవర్నరు రోనాల్డ్ రీగన్ ప్రభుత్వం దాన్ని 'ప్రయోగదశలో ఉన్న పద్ధతి' అని పేరుపెట్టి, విశ్వవిద్యాలయం నీడలో కొనసాగనిచ్చింది. తర్వాత జెర్రీ బ్రౌన్ సంతకంతో చట్టబద్ధమైంది. లైసెన్సు పరీక్షను ఇంగ్లీషుతో పాటు చైనీస్, కొరియన్ భాషల్లోనూ రాసే వీలు కాలిఫోర్నియా కల్పించింది. విద్య వచ్చిన మనిషిని ఇంగ్లీషు రాలేదని బయట నిలబెట్టకూడదన్న ఆ ఆలోచన ఎంత పెద్దదో, ఇక్కడికొచ్చి నోరు పెగలక నిలబడ్డ మన అమ్మానాన్నల్ని చూసినవాళ్ళకి తెలుస్తుంది.

అటు తూర్పున, న్యూయార్క్ సౌత్ బ్రాంక్స్‌లో ఇంకో దారి. అక్కడి పేటల్ని హెరాయిన్ తినేస్తున్న రోజుల్లో, 1970 నవంబరులో, పోర్టొరికో, నల్లజాతి యువకులు లింకన్ ఆసుపత్రిలో ఒక భాగాన్ని ఆక్రమించి మత్తు మాన్పించే కేంద్రం పెట్టారు. మెథడోన్ అనే ఇంకో మందుకి అలవాటు చెయ్యడం వాళ్ళకిష్టం లేదు. హాంగ్‌కాంగ్ డాక్టరు హెచ్.ఎల్. వెన్ చెవికి సూదులు పెడితే మత్తు మానేటప్పటి బాధ తగ్గుతోందని ప్రకటించగానే వీళ్ళు అది నేర్చుకున్నారు. చెవిలో అయిదు సూదులు. ఆ పద్ధతి వ్యాప్తి కోసం 1985లో ఒక జాతీయ సంఘం ఏర్పడింది. 1989లో మయామీలో మొదలైన తొలి మాదకద్రవ్యాల కోర్టు కూడా దాన్ని వాడుకుంది. సంపన్నుల స్పాలో కనిపించే సూది, ఈ దేశంలో మొదట బీదవాళ్ళ పేటలో పనికొచ్చిందని చాలామందికి తెలియదు.

షోలాపూరు నుంచి

మన దేశానికి ఈ సూది రావడానికీ ఒక దారి ఉంది. 1938లో జపానుతో యుద్ధంలో ఉన్న చైనాకి మన కాంగ్రెసు అయిదుగురు డాక్టర్లను పంపింది. అందులో ఒకరు షోలాపూరులో పుట్టిన ద్వారకానాథ్ కోట్నిస్. షోలాపూరంటే మనకి దుప్పట్లు. ఆ మగ్గాల వెనక తెలంగాణ నుంచి వలస వెళ్ళిన పద్మశాలీలున్నారు. ఆ ఊరి వీధుల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. కోట్నిస్ అక్కడే చైనా నర్సును పెళ్ళాడి, కొడుక్కి ఇండియా, చైనా రెండూ కలిసేలా 'యిన్‌హువా' అని పేరు పెట్టుకుని, 1942లో ముప్ఫై రెండేళ్ళకే పోయాడు. 1946లో శాంతారామ్ ఆయన కథను సినిమా తీశాడు.

కోట్నిస్ శస్త్రవైద్యుడు, సూదుల వైద్యుడు కాదు. ఆ అయిదుగురిలో ఇంకొకరు, డాక్టర్ విజయ్ కుమార్ బసు, 1950ల చివర్లో మళ్ళీ చైనా వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకుని, 1959లో కలకత్తాలో మొదలుపెట్టాడు. అంటే రెస్టన్ అపెండిక్స్ కన్నా పన్నెండేళ్ళ ముందు! మూడేళ్ళు తిరక్కుండానే చైనాతో యుద్ధం వచ్చింది. చైనా అన్న మాటే అనుమానంగా వినిపించిన ఆ కాలంలో చైనా వైద్యాన్ని నిలబెట్టుకోవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. బెంగాల్‌లో అది నిలిచింది. 1996లో ఆ రాష్ట్రం చట్టమే చేసింది.

పరీక్షలో ఎన్ని మార్కులు?

ఇంతకీ ఇది పనిచేస్తుందా?

1970లలో ఒక ముందడుగు పడింది. టొరాంటోలో బ్రూస్ పొమరాంజ్ జంతువుల మీదా, అమెరికాలో డేవిడ్ మేయర్ మనుషుల పంటినొప్పి మీదా ప్రయోగాలు చేశారు. సూదుల వల్ల తగ్గిన నొప్పి, నెలాక్సోన్ అనే మందు ఇస్తే మళ్ళీ తిరిగొచ్చింది. నెలాక్సోన్ చేసే పని నల్లమందు జాతి మందుల ప్రభావాన్ని ఆపడం. అంటే సూది గుచ్చినప్పుడు ఒళ్ళే తన నల్లమందును తను తయారుచేసుకుంటోందన్నమాట. 'చీ' ఉందో లేదో గాని, ఎండార్ఫిన్లు ఉన్నాయి. 1996లో ఆహార ఔషధ సంస్థ ఈ సూదుల్ని ప్రయోగ సామగ్రి జాబితాలోంచి తీసి మామూలు వైద్య సామగ్రిలో చేర్చింది. 1997 నవంబరులో జాతీయ ఆరోగ్య సంస్థ కూర్చోబెట్టిన నిపుణులు, ఆపరేషను తర్వాతా, కీమోథెరపీ తర్వాతా వచ్చే వాంతులకీ, పంటినొప్పికీ ఇది పనికొస్తుందన్నారు. మిగతా వాటికి ఆధారాలు ఇంకా చాలవన్నారు.

తర్వాత వచ్చింది అసలు చిక్కు. 2007లో జర్మనీలో 1162 మంది నడుంనొప్పి రోగుల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి అసలు ఆక్యుపంక్చర్. రెండో గుంపుకి, శాస్త్రం చెప్పని చోట్ల, పైపైన గుచ్చిన ఉత్తుత్తి సూదులు. మూడో గుంపుకి మామూలు మందులు, వ్యాయామం. ఆర్నెల్ల తర్వాత ఉపశమనం కలిగిన వాళ్ళు మొదటి గుంపులో 47.6 శాతం, రెండో గుంపులో 44.2 శాతం, మూడో గుంపులో 27.4 శాతం. ఈ మూడు అంకెల్నీ నేను ఎన్నోసార్లు తిరగేసి చూశాను. సూదులు వేయించుకున్న వాళ్ళు, ఎక్కడ వేయించుకున్నా సరే, మామూలు వైద్యం వాళ్ళకన్నా చాలా నయంగా ఉన్నారు. కానీ కంచు మనిషి మీద అంత శ్రద్ధగా నేర్పిన స్థానాలకీ, ఎక్కడపడితే అక్కడ గుచ్చినదానికీ తేడా పెద్దగా లేదు! 2018లో 39 ప్రయోగాల్లోని 20,827 మంది వివరాలు కలిపి లెక్కకట్టినప్పుడు అసలు సూది ఉత్తుత్తి సూది కన్నా మెరుగేనని తేలింది. ఆ మెరుగు మాత్రం కొద్దిపాటిది.

అందుకే దేశాలు కూడా తలో మాటా చెబుతున్నాయి. బ్రిటన్ 2009లో నడుంనొప్పికి దీన్ని సిఫారసు చేసి 2016లో వెనక్కి తీసుకుంది. అమెరికా వైద్యుల సంఘం 2017లో సిఫారసు చేసింది. ఇక్కడ నొప్పి బిళ్ళలకి అలవాటుపడి వేలమంది చనిపోతుండగా, అలవాటు చెయ్యని వైద్యం ఏదైనా సరే అవసరమైంది. మెడికేర్ తలుపు తెరుచుకున్నదీ ఆ ఒత్తిడిలోనే. సిద్ధాంతం గెలిచి వచ్చిన అనుమతి కాదది. అవసరం తెచ్చిన అనుమతి.

కొత్తగా వెళ్ళేవాళ్ళకి

చరిత్ర చదివి ఊరుకోకుండా బల్లెక్కుదామనుకునే వారికోసం నాలుగు మాటలు. ముందు రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉందేమో చూసుకోండి. మొదటిసారి వెళ్ళినప్పుడు ప్రశ్నలకే ఎక్కువసేపు పడుతుంది: నిద్ర, ఆకలి, చెమట, విరేచనం, చలి, వేడి అన్నీ అడుగుతారు. నాలుక చూస్తారు, రెండు చేతుల నాడీ పడతారు. సూది ఒకసారి వాడి పారేసేదై ఉండాలి. గుచ్చినప్పుడు చీమ కుట్టినట్టుంటుంది, తర్వాత బరువుగా, లాగుతున్నట్టుగా ఉండొచ్చు. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గర్భవతి అయినా, పేస్‌మేకర్ ఉన్నా ముందే చెప్పండి. చిన్న కమిలిన మచ్చలు మామూలే. నైపుణ్యం లేనివాడు ఛాతీ దగ్గర లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి ప్రమాదం, అరుదే అయినా, ఉంది. మెడికేర్ వాళ్ళకి నడుంనొప్పికి తొంభై రోజుల్లో పన్నెండుసార్లు, గుణం కనిపిస్తే ఇంకో ఎనిమిదిసార్లు, ఏడాదికి ఇరవై మించకుండా అనుమతి. గుణం లేకపోతే ఆపెయ్యమని ప్రభుత్వమే చెబుతోంది. మన జేబులోంచి ఇచ్చుకునేటప్పుడూ ఆ నియమం మంచిదే.

మూలికల దగ్గర మరింత జాగ్రత్త. 1990లలో బెల్జియంలో బరువు తగ్గే మందులో పొరపాటున కలిసిన ఒక చైనా మూలిక వందమందికి పైగా స్త్రీల మూత్రపిండాల్ని పాడుచేసింది. 'సహజం' అన్న మాట 'క్షేమం' అన్న మాటకి పర్యాయపదం కాదు. షుగరు, బీపీ మాత్రలు మానేసి సూదులు నమ్ముకోమనే వాడెవరైనా ఉంటే, అక్కణ్ణుంచి లేచి వచ్చెయ్యండి.

చివరగా, మొదట వేసుకున్న ప్రశ్న. చైనావాళ్ళ వైద్యం ఇక్కడ వీధివీధినా ఉంది, మన నాటువైద్యం ఎందుకు లేదు? నాకు తోచిన జవాబు ఇది. వాళ్ళు కూలీలుగా, వ్యాపారులుగా ఊళ్ళకి ఊళ్ళే కదిలి వచ్చారు. ఊరితో పాటు వైద్యుడూ వచ్చాడు. మనం ఎక్కువమందిమి 1965 చట్టం తర్వాత డిగ్రీలు చూపించి వచ్చాం. ఆ వడపోతలో డాక్టర్లు వచ్చారు, ఇంజనీర్లు వచ్చారు. ఎముకలు కట్టే పుత్తూరు వాళ్ళకీ, మంత్రసానికీ వీసా ఇచ్చేదెవరు? మన విద్య అంటే పరీక్ష పాసైన విద్యే అయింది. తక్కినది అమ్మమ్మ పోపులపెట్టెలో మిగిలింది.

మిరియమ్ లీ రోగులు కోర్టుకెళ్ళి చెప్పింది మా సిద్ధాంతం సత్యమని కాదు, మాకు నయమైందని. ఆ మాట విని ఈ దేశం ముందు తలుపు తీసింది, ఆ తర్వాత లెక్కలు అడిగింది. లెక్కల్లో కొన్ని నిలిచాయి, కొన్ని నిలవలేదు, ఇంకా తేలనివి చాలా ఉన్నాయి. మన వైద్యాన్ని పొగిడేవాళ్ళకీ తెగిడేవాళ్ళకీ కొరత లేదు. అలా వేలమందిని గుంపులు చేసి, అంకెలు బయటపెట్టి, వచ్చిన జవాబు నచ్చినా నచ్చకపోయినా అచ్చువేసే ఓపిక ఉన్నవాళ్ళు కావాలి. అంకెలతో బతికే మనవాళ్ళు ఈ దేశంలో ఇన్ని వేలమంది ఉన్నాం కదా. ఆ పనికి కావలసిన చదువు మన దగ్గరే ఉంది.